ఐసీయూలో మనిషి మారిపోతే: పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నవాళ్లు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడటం, అయినవాళ్లనే గుర్తుపట్టకపోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. జవాబులు రాసింది క్రిటికల్ కేర్ విభాగాల్లో పనిచేసే వైద్యులు.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. న్యుమోనియా వస్తే వెంటిలేటర్ పెట్టి, తగ్గాక తీసేశారు. అప్పటి నుంచీ సిస్టర్లు తనని చంపడానికి సెలైన్‌లో ఏదో కలుపుతున్నారంటున్నారు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటారు. నన్ను మా మేనత్త పేరు పెట్టి పిలిచారు. పొద్దున కాస్త బాగానే ఉంటారు, చీకటి పడిందంటే మొదలు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. పిచ్చి పట్టిందా, మతిమరుపు జబ్బు మొదలైందా? మా పెద్దమ్మ మాత్రం 'సంధి పుట్టింది' అంటోంది. (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: పిచ్చీ కాదు, మతిమరుపు జబ్బూ కాదు. మీ పెద్దమ్మగారే దగ్గరగా చెప్పారు. దీన్ని డెలీరియం అంటాం. కిడ్నీ దెబ్బతింటే మూత్రం తగ్గినట్టే, తీవ్రమైన జబ్బులో మెదడు దెబ్బతింటే ముందుగా ధ్యాస తప్పుతుంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో పదిమందికి అయిదు నుంచి ఎనిమిది మందిలో ఎప్పుడో ఒకప్పుడు ఇది కనిపిస్తుంది. కాబట్టి మీ ఇంట్లోనే ఏదో వింత జరిగిందని అనుకోకండి.

మతిమరుపు జబ్బు నెలలు, సంవత్సరాల మీద మెల్లగా ముదురుతుంది. డెలీరియం గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. పైగా ఒకే రోజులో తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. మీరు చెప్పిన 'పొద్దున బాగుంటారు, చీకటి పడితే మొదలు' అన్న మాట ఒక్కటే సగం నిర్ధారణ. లేని చీమలు కళ్లకు కనిపించడం కూడా ఒంట్లోని జబ్బు వల్లేనని సూచిస్తుంది. మానసిక జబ్బుల్లో అయితే లేనివి కనిపించడం కంటే, లేని మాటలు వినిపించడం ఎక్కువ.

దీన్ని ఊహతో తేల్చరు. అమెరికాలో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ వెస్లీ ఈలీ బృందం 2001లో ప్రచురించిన క్యామ్-ఐసీయూ అనే పరీక్షను ఇప్పుడు చాలాచోట్ల వాడుతున్నారు. రెండు మూడు నిమిషాల పని. నోట్లో గొట్టం ఉండి మాట్లాడలేని వారికీ చేయొచ్చు. మొదట మెలకువ ఎంత ఉందో చూస్తారు. పిలిస్తే కళ్లు తెరిచి పది సెకన్లకు మించి చూడగలిగితే ఒక లెక్క, పది సెకన్లలోపే కళ్లు వాలిపోతే ఇంకో లెక్క. పిలుపుకు అసలు కదలిక లేనివారికి అప్పటికి ఈ పరీక్ష చేయరు, తర్వాత మళ్లీ చూస్తారు. ఆ పైన రోగి చేయి పట్టుకుని "నేను ఒకటి అన్నప్పుడల్లా నా చేయి నొక్కండి" అని చెప్పి 8, 1, 7, 5, 1, 4, 1, 1, 3, 6 అని మెల్లగా చదువుతారు. ఒకటి అన్నప్పుడు నొక్కకపోయినా, వేరే అంకెకు నొక్కినా తప్పే. మొత్తం పదిలో రెండుకు మించి తప్పులొస్తే ధ్యాస నిలవడం లేదని అర్థం. "రాయి నీళ్లమీద తేలుతుందా?", "సముద్రంలో చేపలుంటాయా?" వంటి ప్రశ్నలు ఆ తర్వాత. ఈ పరీక్ష షిఫ్టుకొకసారైనా చేయాలి. పొద్దున రౌండ్స్‌లో ఒక్కసారి చూసి 'బానే ఉన్నారు' అని రాస్తే సాయంత్రం వచ్చేది దొరకదు.

ఇక మీరు డ్యూటీ డాక్టర్‌ని అడగవలసిన ప్రశ్న 'ఎందుకు వచ్చింది?' అన్నది. 'నిద్రకు ఏమైనా ఇవ్వండి' అని అడగకండి. న్యుమోనియా తగ్గుముఖం పట్టాక డెలీరియం వచ్చిందంటే కొత్త ఇన్‌ఫెక్షన్ ఏమైనా మొదలైందా, ఆక్సిజన్ తగ్గిందా, కార్బన్ డయాక్సైడ్ పెరిగిందా అన్నవి ముందు చూడాలి. సోడియం ఉండవలసింది 135 నుంచి 145. అది బాగా పడిపోయినా, బాగా పెరిగినా మనిషి తికమక పడతాడు. షుగర్, కాల్షియం, కిడ్నీ, లివర్ పరీక్షలు సరే, చేత్తో తడిమి తెలుసుకునేవీ ఉన్నాయి: ఉబ్బిన మూత్రాశయం, నాలుగైదు రోజులుగా విరేచనం కాకపోవడం, చెప్పుకోలేని నొప్పి. మందుల చార్టు చూడటం తప్పనిసరి. మిడజోలం, లొరాజెపాం వంటి మత్తుమందులు డెలీరియాన్ని తెచ్చిపెడతాయి. దురదకీ, రక్తం ఎక్కించే ముందూ అలవాటుగా ఇచ్చే ఫెనిరమైన్, అంటే మనకు ఏవిల్ పేరుతో తెలిసిన ఇంజెక్షన్ కూడా పెద్ద వయసువాళ్లలో ఈ పని చేస్తుంది.

ప్రశ్న: గుండె ఆపరేషన్ అయిన రెండో రోజు నుంచి మా అమ్మ అసలు మాట్లాడటం లేదు. కళ్లు తెరిచే ఉంటుంది కానీ ఎటో చూస్తుంది. స్పూన్ నోటి దగ్గర పెడితే మింగడం మర్చిపోతుంది. "చాలా కోఆపరేటివ్ పేషెంట్, హాయిగా రెస్ట్ తీసుకుంటున్నారు" అంటున్నారు స్టాఫ్. నిజమేనా? (రాజమహేంద్రవరం నుంచి ఒకరు)

జవాబు: విశ్రాంతి తీసుకునే మనిషి పిలిస్తే మీ వైపు తిరిగి, రెండు మాటలు మాట్లాడి మళ్లీ పడుకుంటుంది. మీరు చెబుతున్నది అది కాదు. డెలీరియం అంటే కేకలు, గొట్టాలు పీక్కోవడం అనే చాలామంది అనుకుంటారు. అలా గోల చేసేది తక్కువమందే. స్తబ్ధంగా పడి ఉండేవాళ్లు, ఒక పూట స్తబ్ధంగా ఇంకో పూట కలవరంగా ఉండేవాళ్లే ఎక్కువ. గోల చేసే రోగి దగ్గరికి నలుగురు పరిగెత్తుతారు. మౌనంగా ఉన్నామె ఎవరి కంటా పడదు. మంచం మీద కదలదు కాబట్టి నెమ్ము చేరుతుంది, ఒంటికి పుండ్లు పడతాయి, గుటక సరిగా పడక తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే పూర్తిగా మెలకువ వచ్చి, గుటక పరీక్ష అయ్యేదాకా మీరు నోట్లో ఏమీ పెట్టకండి, చుక్క నీళ్లు కూడా.

ఆపరేషన్ తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల మధ్య డెలీరియం రావడం మామూలే. అయినా గుండె ఆపరేషన్ తర్వాత స్ట్రోక్ కాదని తేల్చుకోకుండా ఆ మాట అనకూడదు. మూతి ఒక పక్కకి పోయిందా, ఒక చేయి గానీ కాలు గానీ కదపడం లేదా అని మీరూ గమనించి, అనుమానం వస్తే వెంటనే చెప్పండి. నొప్పికిచ్చే ఫెంటనిల్, ట్రమడాల్ వంటివి ఎక్కువై మగతగా ఉన్నారేమో చూడాలి. కార్బన్ డయాక్సైడ్ పేరుకుందా అన్నది రక్తవాయువుల పరీక్షలో తెలుస్తుంది. ఒళ్లు కదలకుండా మెదడులోనే ఫిట్స్ నడిచే పరిస్థితి కూడా ఒకటుంది, దానికి మెదడు విద్యుత్ తరంగాలను చూపించే ఈఈజీ తీయాలి. "క్యామ్-ఐసీయూ చేశారా, ఏం తేలింది?" అని పేరు పెట్టి అడగండి. అలా అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ప్రశ్న: మా అన్నయ్య తుంటి ఎముక విరిగి హాస్పిటల్‌లో ఉన్నాడు. మూడో రోజు నుంచి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మంచం దిగి పోతానంటాడు. రోజూ కల్లు తాగే అలవాటుంది, సారా ముట్టడు. కల్లుకే ఇలా అవుతుందా? (నిజామాబాద్ జిల్లా)

జవాబు: అవుతుంది. ఈ సంగతి డాక్టర్‌కి ఇంకా చెప్పి ఉండకపోతే పత్రిక పక్కన పెట్టి ముందు వెళ్లి చెప్పండి. మద్యం ఏదైనా రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే 48 నుంచి 96 గంటల మధ్య ఇలాంటి ప్రమాదకరమైన కలవరం రావచ్చు. మీ ప్రాంతంలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది అందరికీ తెలిసిందే. 2015లో నిజామాబాద్ ప్రాంతంలో అలాంటి కల్లు అందకుండా పోయినప్పుడు ఎంతోమంది వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. అది తాగేవాళ్లకు ఆగిపోయేది కల్లు ఒక్కటే కాదు, నిద్రమాత్రలు కూడా. ఫిట్స్ వస్తాయి. డైజిపాం లాంటివి ఒంట్లో చాలా రోజులు నిలిచి ఉంటాయి కాబట్టి వారం దాటాక మొదలైనా ఆశ్చర్యం లేదు.

పైన మిడజోలం, లొరాజెపాం డెలీరియాన్ని తెచ్చిపెడతాయన్నాం. ఇక్కడ మాత్రం ఆ జాతి మందులే వైద్యం. ఒంటికి అలవాటైన మందును లెక్క ప్రకారం ఇచ్చి, రోజురోజుకీ కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఇలాంటివారికి కలవరం అణచడానికి వాడే హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది. బి1 విటమిన్, అంటే థయామిన్ ఇంజెక్షన్‌ని గ్లూకోజ్ సెలైన్‌కు ముందుగా గానీ దానితోపాటే గానీ వేయాలి. తిండి తగ్గి తాగుడు మిగిలినవాళ్లలో థయామిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు.

ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, చివరిసారి ఏ రోజు ఏ పూట తాగాడు అన్నది దాచకుండా చెప్పండి. పరువు పోతుందని వదినగారు 'అప్పుడప్పుడూ' అని చెబితే మందు మోతాదు తప్పుతుంది. గుట్కా, ఖైనీ అలవాటుంటే అదీ చెప్పాలి.

ప్రశ్న: మా తమ్ముడు పురుగుల మందు తాగాడు. ప్రాణగండం తప్పిందన్నారు. ఇప్పుడేమో ఒళ్లు కాలిపోతోంది, గాల్లో దారాలేవో ఏరుతున్నట్టు వేళ్లు ఆడిస్తున్నాడు, దుప్పటి పీకుతున్నాడు, ఎవరితోనో గొణుగుతున్నాడు. చేతులు మంచానికి కట్టేశారు. విషం తలకెక్కిందా? (గుంటూరు జిల్లా)

జవాబు: విషం వల్ల కావచ్చు. కానీ మీరు రాసిన గుర్తులు విరుగుడు మందు అట్రోపిన్ ఎక్కువైనప్పటివి. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుల మందుల విషానికి అట్రోపినే ప్రాణం నిలిపేది. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గేదాకా, నాడి 80 దాటేదాకా, చంకలు పొడిబారేదాకా ఇస్తారు. అక్కడితో ఆగకుండా పెరిగిపోతే జ్వరం, కలవరం వస్తాయి, కడుపులో పేగుల చప్పుడు ఆగిపోతుంది, మూత్రం బిగుస్తుంది. డాక్టర్ పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి విని ఇది తేల్చగలరు. ఎక్కువైందని తేలితే డ్రిప్‌ను 30 నుంచి 60 నిమిషాల పాటు ఆపి, గుర్తులు తగ్గాక ముందున్న వేగంలో 70, 80 శాతంతో మళ్లీ మొదలుపెడతారు. ఈ నిర్ణయం మాత్రం పూర్తిగా వాళ్లదే. గాభరాపడి మీరు డ్రిప్ ఆపించకండి, ఊపిరితిత్తుల్లో మళ్లీ నీరు చేరుతుంది.

ఇంకొకటి గమనించండి. తాగిన 24 నుంచి 96 గంటల మధ్య, బాగా తేరుకున్నాడనుకున్న మనిషి దిండు మీంచి తల ఎత్తలేకపోతే అది మెడ కండరాలు, ఊపిరి కండరాలు పడిపోతున్నాయనడానికి గుర్తు. వెంటనే సిస్టర్‌ని పిలవండి.

చేతులు కట్టడం గురించి: గొట్టం పీకేసుకుంటే ప్రాణం మీదికి వచ్చే క్షణంలో, వేరే దారి లేనప్పుడు, కొద్దిసేపటికి కట్టవచ్చు. అది డాక్టర్ రాసిన ఆర్డర్ మీద జరగాలి. కనీసం రెండు గంటలకోసారి విప్పి, మణికట్టు దగ్గర రక్తం ఆడుతోందా, చర్మం కమిలిందా అని చూడాలి. రోజంతా కట్టి ఉంచితే కలవరం పెరుగుతుందే గానీ తగ్గదు. కట్టి ఉన్నవాళ్లు కూడా గొట్టాలు పీకేసుకుంటూనే ఉంటారు. పక్కన ఒక మనిషి కూర్చుంటే చాలాసార్లు కట్టే అవసరమే రాదు, అందుకని "మాలో ఒకరం కూర్చుంటాం, కట్లు విప్పగలరా?" అని అడిగి చూడండి. ఇంటికి వెళ్లేలోపు మానసిక వైద్యుడు మీ తమ్ముడితో మాట్లాడేలా చూడండి. తర్వాత కూడా టెలీమానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న: నేను ఐసీయూ స్టాఫ్ నర్సుని. రాత్రి రెండింటికి పేషెంట్ లేచి లైన్లు పీకుతుంటే ఫోన్‌లో హాలోపెరిడాల్ అనో మిడజోలం అనో ఆర్డర్ వస్తుంది. ఇచ్చాక నిద్రపోతాడు, మర్నాడు రాత్రి మళ్లీ అదే. అంతకంటే చేయగలిగిందేమీ లేదా? (కర్నూలు)

జవాబు: ఉంది. ఫోన్ తీసే ముందే అయిదు నిమిషాల పని ఉంది. ఆక్సిజన్ గొట్టం ఊడలేదు కదా అని గోడ దాకా చూడండి. శాచురేషన్ ఎంత? గ్లూకోమీటర్‌తో షుగర్ చూడండి. యూరిన్ బ్యాగ్‌లో రెండు గంటలుగా ఏమీ రాకపోతే గొట్టం మడత పడిందేమో, పొత్తికడుపు గట్టిగా ఉందేమో చూడండి. క్యాథెటర్ మూసుకుపోయి మంచం దూకబోయే రోగికి మిడజోలం ఇస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. మాట్లాడలేని రోగిలో నొప్పిని సీపాట్ స్కోరుతో కొలవండి. ముఖం, ఒంటి కదలికలు, కండరాల బిగువు, వెంటిలేటర్‌తో పోరాటం, ఒక్కోదానికి 0 నుంచి 2. మొత్తం 8కి 3 వచ్చిందంటే కావలసింది నొప్పి మందు. ఈ అంకెలతో ఫోన్ చేస్తే ఆర్డర్ మారుతుంది.

హాలోపెరిడాల్ విషయానికొస్తే, 2018లో మైండ్-యూఎస్ఏ అనే పరిశోధనలో 566 మంది మీద పరీక్షించారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లకంటే డెలీరియం ఒక్కరోజు కూడా తగ్గలేదు. 2022లో వచ్చిన ఎయిడ్-ఐసీయూ పరిశోధన వెయ్యిమందిలో జరిగింది, అందులోనూ రోగులు ప్రాణాలతో ఆసుపత్రి బయట గడిపిన రోజులు చెప్పుకోదగినంతగా పెరగలేదు. కాబట్టి ఇది డెలీరియాన్ని నయం చేసే మందు కాదు. భయంతో అల్లాడుతున్న మనిషికీ, తనకో మీకో హాని చేసుకునేలా ఉన్నవాడికీ చిన్న మోతాదులో, కొద్ది రోజులే ఇవ్వాలి. ముందు ఈసీజీలో క్యూటీసీ (గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం) చూడాలి, 500 మిల్లీసెకన్లు దాటితే ఇవ్వకూడదు. వెంటిలేటర్ తీయడానికి కలవరమే అడ్డుగా ఉన్న రోగికి డెక్స్‌మెడెటోమిడిన్ అనే మత్తుమందు మేలు. మామూలుగా గంటకు కిలోకు 0.2 నుంచి 0.7 మైక్రోగ్రాములు నడుపుతారు. నాడి, బీపీ పడిపోతాయి, దాని మీద ఒక కన్నేసి ఉంచాలి.

అసలు వైద్యం పగలు జరుగుతుంది. రోగిని పొద్దున లేపి కూర్చోబెట్టాలి. వెంటిలేటర్ ఉన్నా సరే, మత్తు ఆపి, ఫిజియోథెరపిస్ట్ సాయంతో మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టవచ్చు. షికాగో, అయోవా విశ్వవిద్యాలయాల్లో జరిగి 2009లో వెలువడిన పరిశోధనలో ఇలా మొదటి రోజుల నుంచే కదిలించినవారికి డెలీరియం మధ్యస్థ (మీడియన్) లెక్కలో 2 రోజులు, మిగతావారికి 4 రోజులు ఉంది. మనకున్న ఏ ఇంజెక్షన్ కూడా ఇంత మేలు చేయలేదు.

రాత్రి పది నుంచి అయిదు దాకా పెద్ద లైట్లు ఆపండి. ఆసుపత్రి గదిలో రాత్రి శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నర్సింగ్ స్టేషన్‌లో మామూలుగా మాట్లాడుకుంటేనే అది రెండింతలవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి స్పాంజ్ బాత్ చేసే అలవాటుంటే మానేయండి. షిఫ్టు మారేలోపు పని ముగించుకోవడానికి పెట్టుకున్న వేళ అది, రోగికి మాత్రం దొరికిన కాసింత నిద్రా పోతుంది. రక్తం తీయడం, బీపీ, మందులు, పక్కకి తిప్పడం ఒకే విడతలో చేస్తే మధ్యలో రెండు గంటలైనా కన్ను మూతపడుతుంది.

ప్రశ్న: అమ్మ మా దగ్గరికి న్యూజెర్సీ వచ్చింది. సెప్సిస్‌తో ఐసీయూలో చేర్చాం. ఆమెకు తెలుగు తప్ప రాదు. చూడటానికి వెళ్తే నేనేం చేయాలో కూడా తోచడం లేదు. మావాళ్లు వీడియో కాల్‌లో "అమ్మా, నేనెవరో చెప్పు" అని అడుగుతుంటే ఆమె ఏడుస్తోంది. (న్యూజెర్సీ)

జవాబు: ముందు ఆ ప్రశ్న ఆపించండి. తప్పు చెబితే ఆమె మరింత బెదురుతుంది, ఒప్పు చెబితే దానితో మీకు ఒరిగేదేమీ లేదు. మీరే చెప్పండి: "అమ్మా, నేను నీ పెద్దకూతుర్ని. ఇది హాస్పిటల్. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ వచ్చింది, తగ్గుతోంది. ఇప్పుడు సాయంత్రం." ఒక్కో వాక్యం చెప్పి ఆగండి. అరగంట తర్వాత మళ్లీ అదే చెప్పండి, విసుక్కోకుండా. ఎవరో కనిపిస్తున్నారని ఆమె అంటే "ఎవరూ లేరు" అని వాదించవద్దు, అవునని వంత పాడవద్దు. "భయంగా ఉందా? నేను ఇక్కడే ఉన్నాను" అంటే చాలు. వీడియోలో ఒకసారికి ఒక్కరే, అయిదు నిమిషాలు.

కళ్లజోడు, వినికిడి మిషన్, కట్టుడు పళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయి ఉంటాయి. ఈరోజే తీసుకెళ్లండి. చూపు, వినికిడి సరిగా అందని మెదడు ఉన్న నీడల్నే మనుషులుగా అల్లుకుంటుంది. ఎదురుగా కనిపించేలా గడియారం, తెలుగు క్యాలెండర్ పెట్టండి. ఇంట్లో వేసుకునే మాత్రలన్నీ రాసివ్వండి, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తెచ్చుకునే నిద్రమాత్రలతో సహా. అవి హఠాత్తుగా ఆగినా కలవరం వస్తుంది.

భాష అన్నింటికంటే ముఖ్యం. రాని ఇంగ్లీషులో ధ్యాస పరీక్ష చేస్తే ఎవరికైనా తప్పులే వస్తాయి. ప్రభుత్వ నిధులు తీసుకునే అమెరికా ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని అక్కడి చట్టం చెబుతోంది. డెలీరియం పరీక్షకు తెలుగు దుబాసీ కావాలని నర్సుకి చెప్పి, చార్టులో రాయించండి. మంచం దగ్గర ఒక కాగితం మీద నొప్పి, దాహం, మూత్రం, చలి, దగ్గు అనే మాటలు తెలుగులో పెద్దక్షరాలతో, కింద ఇంగ్లీషులో రాసి అంటించండి. ఆమె వేలు పెట్టి చూపించగలదు.

మీరు ఎక్కువసేపు కూర్చుంటే డెలీరియం రాదా అంటే, ఆ మాట హామీగా చెప్పలేం. బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో రోజుకు 12 గంటల వరకు అనుమతించినా డెలీరియం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కానీ కుటుంబసభ్యుల్లో ఆందోళన, దిగులు తగ్గాయి. కూర్చోండి. కానీ రాత్రి మీరూ నిద్రపోవాలి.

ప్రశ్న: డిశ్చార్జ్ అయ్యాక ఇది పూర్తిగా పోతుందా? మా మామగారు ఇంటికి వచ్చి నెల అయింది, లెక్కలు తప్పుతున్నారు. (విశాఖపట్నం)

జవాబు: చాలామందిలో కలవరం రోజుల్లో, వారాల్లో తగ్గిపోతుంది. ఆలోచనా శక్తి తిరిగి రావడానికి మాత్రం ఎక్కువ కాలం పడుతుంది. ఐసీయూలో చేరిన 821 మందిని చేర్చుకున్న పరిశోధన 2013లో వచ్చింది. ఏడాది తర్వాత పరీక్షించినవారిలో మూడోవంతు మందికి జ్ఞాపకశక్తి, ఆలోచన తలకు ఓ మోస్తరు గాయమైనవారి స్థాయిలోనే ఉన్నాయి. డెలీరియం ఎన్ని ఎక్కువ రోజులుంటే ఇదీ అంత ఎక్కువ. నెల రోజులకే నిరాశ పడకండి, మూడు నెలలకీ ఇలాగే ఉంటే న్యూరాలజిస్ట్‌కి చూపించండి.

ఈలోగా బండి నడపనివ్వకండి. బ్యాంకు, ఆస్తి కాగితాల మీద సంతకాలు వాయిదా వేయండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మీరే లెక్కపెట్టి ఇవ్వండి, లెక్క తప్పే మనిషి చేతిలో అవే ప్రమాదం. ఐసీయూలో తనను ఎవరో కొట్టారనో, బంధించారనో ఆయన చెబితే కొట్టిపారేయకండి. ఆయనకు అవి నిజంగా జరిగిన జ్ఞాపకాలే. ఏ రోజు ఏం జరిగిందో, ఏ గొట్టం ఎందుకు పెట్టారో తేదీలవారీగా రాసి చదివి వినిపిస్తే చాలామందికి ఆ భయం తగ్గుతుంది.

డిశ్చార్జ్ సమ్మరీ ఒకసారి బయటికి తీయండి. కలవరానికి, నిద్రకు ఇచ్చే క్విటయాపిన్, హాలోపెరిడాల్, క్లోనజెపాం వంటి మందుల పేర్లు ఏమైనా ఉన్నాయా? ఐసీయూలో కొద్దిరోజులకని మొదలుపెట్టినవి ఆపమని ఎవరూ రాయక నెలల తరబడి సాగిపోతుంటాయి. లెక్కలు తప్పడానికి అవే కారణం కావచ్చు. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకుండా, ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి "ఇవి ఇంకా ఎందుకు? ఎలా తగ్గించాలి?" అని అడగండి.